భర్త చేవ్రాలు – భార్య నివాసహక్కు

మన యిండ్లలో పెండ్లి సంబంధముల ప్రస్తావన నేడు కులగోత్రములతోను, కట్నకానుకలతోను ముగియుట లేదు. "అబ్బాయి అమెరికాలో నున్నాడు" అనగానే "ఏ వీసామీద?" అను ప్రశ్న వంటయింటిలోనుండియే వినవచ్చును. హెచ్-1బి యన నేమియో, గ్రీన్‌కార్డన నేమియో గడపదాటని ముత్తైదువలు సైతము గడగడ చెప్పుచున్నారు. అందులోను వరుడు "సిటిజను" అనిరా, జాతకములు కుదురకున్నను కుదిరినట్లే. అయితే ఆ సిటిజనుని చేయిపట్టి పోయిన పిల్లకు ఆ దేశమున నిలుచు హక్కు ఎన్నడు వచ్చును, ఎవరి చేతిమీదుగా వచ్చును, వచ్చినది యెంతవరకు ఆమె సొంతము అను సంగతి నడుగువారు మాత్రము అరుదు.

మా యింటివారు బడిపంతులు. ఊరిలో ఆంగ్లమున వ్రాసిన కాగితము ఎవరికి వచ్చినను అది మా వసారాలోనికే వచ్చును. అట్లు పది పదునైదేండ్లుగా ఎందరో తండ్రులు తెచ్చిన పత్రములను ఆయన చదువుచుండగా నేనును వినుచుంటిని. పిమ్మట నాకై నేనే చదువసాగితిని. కావ్యములు చదివిన కన్నులకు ఈ చట్టపు వాక్యములు మొదట ముండ్లకంపవలె దోచినవి గాని, అలవడిన పిమ్మట అందులోను ఒక కథ యున్నదని తోచినది. ఆ కథనే సోదరీమణులకు చెప్పబూనితిని.

అమెరికాలోని వరులందరు ఒక్కటి కారు. ఉద్యోగపు వీసామీద నున్నవాని భార్యకు హెచ్-4 అను ఆశ్రిత వీసా లభించును. అది భర్త వీసాకు నీడ. చెట్టు పడిన నీడయు పోవును. భర్తయొక్క గ్రీన్‌కార్డు అర్జీ కొంతదూరము సాగియున్న యెడల 2015 నుండి యిట్టి భార్యలలో కొందరికి పనిచేసికొను అనుమతి దొరకుచున్నది. గ్రీన్‌కార్డు గలవాని భార్యకు శాశ్వత నివాసము రాగలదు గాని, ఏటికి ఇందరికే యను సంఖ్యానియమము గలదు కావున వంతు వచ్చునందాక వేచియుండవలెను. అమెరికా పౌరుని భార్యకు ఆ సంఖ్యానియమము లేదు. పౌరుని జీవితభాగస్వామి, పెండ్లికాని చిన్నబిడ్డలు, తల్లిదండ్రులు "సన్నిహిత బంధువులు" అను తరగతిలో జేరుదురు. సిటిజను వరునికి మన సంబంధములలో నింత గిరాకి యుండుటకు మూలమిదియే. ఆడపిల్లలకే యనుకొనరాదు; అచ్చట పుట్టిపెరిగిన మన తెలుగు కన్యలను పెండ్లాడి యిచ్చటినుండి పోవు మగపిల్లలకును ఇదే చట్టము, ఇవే కాగితములు. నేను ఆడపిల్లను దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాను.

మొట్టమొదటి పత్రము ఐ-130 అను అర్జీ. ఇచ్చటనే గమనింపవలెను: ఈ అర్జీ వేయువాడు భర్త, భార్య కాదు. "ఈమె నా భార్య, ఈమెకు నివాసహక్కు నిండు" అని అతడు తన ప్రభుత్వము నడుగును. అడిగినవాడే, ఆమెకు హక్కు సంక్రమించుటకు ముందెప్పుడైనను, తన యర్జీని వెనుకకు దీసికొనవచ్చును. కాబట్టి ఆమె వలస వీసాతో ఆ దేశమున నడుగుపెట్టువరకు, లేదా అచ్చటనే యున్నచో నివాసము మంజూరగువరకు, సమస్తమును అతని చేవ్రాలుమీదనే నిలిచియుండును.

పెండ్లి జరిగిన చోటి చట్టమునకు సమ్మతమైనదైన అమెరికా వారికిని సామాన్యముగా సమ్మతమే. మూడుముళ్లు వేయించి, సప్తపది నడిపించి, శుభలేఖయు ఫొటోలును జూపిన చాలదు; రిజిస్ట్రేషను పత్రము కావలయును. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లోనే వివాహముల నిర్బంధ నమోదు చట్టము వచ్చినది; 2006లో సుప్రీముకోర్టువారు దేశమంతటను వివాహములను నమోదు చేయవలెనని యాదేశించిరి. అయినను పెండ్లియైన యారు నెలలకు, వీసాకు కావలసివచ్చినప్పుడు, పురోహితుని వెదకుకొనుచు సాక్షుల వెంట తిరుగువారిని నే నెందరినో చూచితిని. ఇంకొక సంగతి. వరుడు రాలేనప్పుడు అతని కత్తిని పీటమీద నుంచి పెండ్లి జరిపిన జమీందారుల కథలు మన పెద్దలు చెప్పుదురు. నేడు కత్తికి బదులు ఫోనుతెర వచ్చినది. ఇట్లు వధూవరులు ఒకరి సమక్షమున నొకరు లేక జరిగిన పెండ్లి, అటుపిమ్మట వారు కలిసి కాపురము చేసిననే గాని వలస చట్టమున పెండ్లిగా నెన్నబడదు.

పేర్ల చిక్కొకటి మనవారికి ప్రత్యేకముగా గలదు. మన ఇంటిపేరు ముందు వచ్చును. బడి పత్రములలో అది ఒక్క పొడి యక్షరమై నిలుచును. పాస్‌పోర్టులో పూర్తిగా విడదీయబడును. పెండ్లియైన పిదప భర్త ఇంటిపేరు మరియొకటి వచ్చి చేరును. ఒకే పిల్ల నాలుగు పత్రములలో నలుగురు స్త్రీలుగా కనబడును. పెండ్లికి ముందే పుట్టుక పత్రము, పదవ తరగతి పత్రము, పాస్‌పోర్టు ఈ మూడింటిని ఒక్క పేరునకు దెచ్చుకొనిన ఎన్నియో నెలల తిరుగుడు తప్పును. ఈ పని తల్లులు చేయగలిగినది. బంగారము పనికంటె ముందు చేయదగినది.

భర్త యర్జీ మంజూరైన పిమ్మట కాగితములు అమెరికాలోని నేషనల్ వీసా సెంటరునకు జేరి, అచ్చటినుండి ముంబాయిలోని కాన్సులేటునకు వచ్చును. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు ఉన్నను వలస వీసాల విచారణకు ముంబాయికే పోవలెను. పోలీసువారి పత్రము, వైద్యపరీక్ష ముగించుకొని, ముఖాముఖి విచారణకు అచ్చట హాజరు కావలెను. ఇదివరకే చదువునకో ఉద్యోగమునకో అమెరికాలో సక్రమముగా ప్రవేశించియున్న పిల్ల, అచ్చటి పౌరుని పెండ్లాడినచో, ఇంటికి రాకయే ఐ-485 అను అర్జీవలన తన స్థితిని మార్చుకొనవచ్చును. అయితే అచ్చటనే పెండ్లిచేసికొని స్థిరపడు తలంపు మనస్సున నుంచుకొని, చుట్టపుచూపు వీసామీద దిగి అధికారికి వేరుమాట చెప్పుట మోసముగా నెంచబడును. "ముందు విజిటరు వీసామీద పంపుడు, తరువాత చూచుకొందము" అను మధ్యవర్తుల మాట నమ్మరాదు. పెండ్లికి ముందే పోదలచిన కన్యకు కె-1 అను వీసా 1970 నుండి గలదు. దిగిన 90 దినములలో, పిలిచినవానినే పెండ్లాడవలెను. లేనియెడల తిరిగి రావలసినదే. ఈ కె-1 విషయమున 2005లో వచ్చిన చట్టమొకటి మెచ్చదగినది: పిలిచిన మగవానిపై అచ్చట నేరవిచారణలు జరిగియున్న యెడల ఆ సంగతి కన్యకు దెలుపవలసిన బాధ్యతను అది అధికారులపై నుంచినది.

ముఖాముఖి విచారణ యనగా నాకు శకుంతల జ్ఞప్తికి వచ్చుచుండును. దుష్యంతుని సభలో ఆమె కెదురైన ప్రశ్న, ముంబాయి కిటికీ వెనుకనున్న అధికారి మన పిల్లల నడుగు ప్రశ్న ఒక్కటే: ఈ పెండ్లి నిజముగా జరిగినదా? కాళిదాసు నాటకమున ఆమెకు సాక్ష్యము ఉంగరమొక్కటే, అది నీటిపాలైనది, చేప కడుపున దొరకువరకు ఆమె మాట చెల్లలేదు. నన్నయగారి భారతమున ఉంగరము ప్రసక్తియే లేదు. ఆకాశవాణి పలికి ఆమెను గాపాడినది. నేటి శకుంతలలకు ఆకాశవాణి పలుకదు. కనుక ఒక్క ఉంగరమును నమ్ముకొనక పదిరకముల గురుతులు కూర్చుకొనవలెను: ఇరుపక్షముల పెద్దలతో తీయించుకొనిన ఫొటోలు, ఒకరికొకరు పంపుకొనిన యుత్తరములు, ఫోను సంభాషణల జాబితాలు, ప్రయాణపు టిక్కెట్లు, ఇరువురి పేరుల నున్న బ్యాంకు ఖాతా, ఇంటి యద్దె పత్రము. పెద్దలు కుదిర్చిన పెండ్లి యగుటచేత "పరిచయము పది దినములేనా?" యని అధికారి యాశ్చర్యపడవచ్చును. దానికి జంకి, కాలేజీలో ప్రేమించితిమని లేని కథ కల్పింపరాదు. పెద్దలు కుదిర్చిన పెండ్లి చట్టమునకు విరుద్ధము కాదు. సంబంధము ఎవరు తెచ్చిరి, చూపులు ఎచ్చట జరిగినవి, నిశ్చితార్థమునకు ఎవరెవరు వచ్చిరి అను నిజమును నెమ్మదిగా చెప్పిన చాలును. సందేహము గలిగినచో భార్యాభర్తలను వేర్వేరు గదులలో నుంచి ఒకే ప్రశ్నల నడుగుటయు గలదు. నిన్నటి రాత్రి భోజనమున కేమి తినిరి, అత్తగారి పేరేమి, ఉదయము ముందు లేచువారెవరు – ఇట్టివి. కాపురము చేయువారికి ఇవి ప్రశ్నలే కావు.

కాపురము లేని పెండ్లికి మాత్రము ఇవి గండములే. డబ్బు పుచ్చుకొని పేరునకు పెండ్లాడి, కార్డు రాగానే విడిపోవు బేరములు లోకమున లేకపోలేదు. 1986లో అమెరికావారు ఇందుకై ప్రత్యేక చట్టము చేసిరి. నేరము రుజువైన అయిదేండ్ల వరకు చెరసాల, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా విధింపవచ్చును. అంతకంటె కఠినమైనది మరియొకటి గలదు: ఒకసారి దొంగపెండ్లి యని తేలినచో, అటుపిమ్మట ఆ మనుష్యుడు నిజముగానే మరియొకరిని పెండ్లాడినను ఆ సంబంధముమీద వేసిన అర్జీ మంజూరు కాదు. కూతును "కాగితపు పెండ్లి" కొప్పించు తండ్రి ఆమె నిజమైన పెండ్లిని కూడ ముందుగానే చెరపుచున్నాడన్నమాట.

ఆ 1986 చట్టమే నిజముగా కాపురము చేయువారిమీదను ఒక ముడి వేసినది. నివాసహక్కు సంక్రమించిన దినమునకు పెండ్లియై రెండేండ్లు నిండనిచో, ఆ హక్కు షరతుతో గూడినదై యుండును. కార్డు రెండేండ్లకే చెల్లును. ఆ రెండేండ్లు నిండుటకు ముందు 90 దినములలోపల, ఐ-751 అను అర్జీని భార్యాభర్త లిరువురు కలిసి సంతకము చేసి పంపవలెను. పంపనిచో హక్కు పోవును. పంపి రశీదు పొందినచో గడువు పొడిగింపబడును. మంజూరైన పదేండ్ల కార్డు వచ్చును. వినుటకు సులభమే. కాని ఆ కార్డు టపాలో వచ్చునది భర్త చిరునామాకు. దానిపైనున్న తేదీ చిన్నయక్షరములలో నుండును. క్రొత్త కాపురములో ఆ తేదీని చూచువారెవరు?

మా ఊరనే, పదవీవిరమణ చేసిన పోస్టుమాస్టరుగారొకరు ఒకనాటి సాయంకాలము మా వసారాలో వచ్చి కూర్చుండిరి. "మాస్టారూ, అమ్మాయి కార్డు గడువు ఇంక నలువది దినములే గలదట. అల్లుడుగారు సంతకము పెట్టనన్నారట. పెట్టకపోతే పిల్లను విమానమెక్కించి పంపివేయుదురట" అని కండ్లొత్తుకొనిరి. ఆ పిల్ల అప్పటికే భర్తయిల్లు విడిచి స్నేహితురాలియింట నున్నది. ఫోనులో నేనే మాటలాడితిని. "అమ్మా, కార్డు నీయొద్దనే యున్నదా?" యని యడిగితిని. "లేదు పిన్నిగారూ, ఆయన బీరువాలో నున్నది. ఫొటో మాత్రము నా ఫోనులో నున్నది" అనెను. "పాస్‌పోర్టు?" "అదియు నచ్చటనే." ఎమ్మే చదివిన పిల్ల! రెండేండ్లుగా తన పేరుమీద నేయే కాగితములున్నవో యెరుగదు.

ఆమె యెరుగనిది మరియొకటి గలదు. ఉమ్మడి సంతకము అనునది సామాన్య నియమమే గాని ఏకైక మార్గము కాదు. పెండ్లి మంచిమనస్సుతోనే జరిగి, పిదప విడాకులతో ముగిసినచో భార్య యొంటరిగా ఐ-751 వేసికొనవచ్చును. భర్త కొట్టినను, క్రూరముగా హింసించినను ఒంటరిగా వేసికొనవచ్చును. ఈ రెండవ మినహాయింపు 1990లో చేరినది. ఆ దేశమునుండి పంపివేయబడిన దుర్భరమైన కష్టము గలుగుననియు అడుగవచ్చును. "నీ కార్డు రద్దుచేయించెదను" అని భర్త బెదరించుట వేరు, రద్దగుట వేరు. ఒకసారి నివాసహక్కు సంక్రమించిన పిమ్మట దానిని ఊడదీయు నధికారము భర్తకు లేదు. తుదకు తీర్పు చెప్పవలసినది వలస న్యాయమూర్తి. ఈ యొక్క వాక్యము ఆ పిల్లకు చెప్పినప్పుడు అవతలనుండి చాలసేపు మాట వినబడలేదు.

ఆమె అచ్చట న్యాయవాదిని గలిసికొనెను. విడాకుల తీర్పు వచ్చినది. ఇక పెండ్లి నిజమని రుజువు చేయుటకు ఏమున్నదని వెదకగా, కరెంటు బిల్లులు, బ్యాంకు ఖాతా సమస్తము భర్త పేరనే యుండెను. కడపటికి ఇరువురి పేరులు గల అద్దె పత్రపు నకలు, ఇద్దరికిని కలిపి వచ్చిన యాత్ర టిక్కెట్లు, ఇచ్చట పుట్టింట నున్న పెండ్లి యాల్బము, పొరుగువారి సాక్ష్యపత్రములు దొరకినవి. పోస్టుమాస్టరుగారు ఆల్బమును తానే అట్టపెట్టెలో కట్టి, జీవితమంతయు ఇతరుల పొట్లములకు వేసిన ముద్రల యనుభవముతో, నాలుగువైపుల లక్కవేసి పంపిరి. ఆమెకు పదేండ్ల కార్డు వచ్చినది. ఇప్పుడు వేరొక యూరిలో ఉద్యోగము చేసికొనుచున్నది.

హింస భరింపరాక, భర్త అర్జీ వేయకయే త్రిప్పుచున్న యెడల ఏమి గతి యని యడుగుదురేమో. 1994లో వచ్చిన స్త్రీహింసా నిరోధక చట్టమున దీనికి మార్గము గలదు. పౌరునిచేతగాని, గ్రీన్‌కార్డు గలవానిచేతగాని హింసింపబడిన భార్య, భర్త ప్రమేయము లేకయే ఐ-360 అను అర్జీని తనకై తానే వేసికొనవచ్చును. హింసవలన విడాకులైనచో రెండేండ్లలోపలను వేయవచ్చును. ఆ సంగతిని అధికారులు భర్తకు దెలుపరాదు. అట్లే, పౌరుడైన భర్త మరణించినచో పూర్వము పెండ్లియై రెండేండ్లు నిండనిదే ఆ విధవకు హక్కుండెడిది కాదు. వైధవ్యముతోబాటు దేశబహిష్కారమును గూడ అనుభవించెడిది. 2009లో ఆ నియమమును దీసివేసిరి. అర్జీ లేనిచోట మరణించిన రెండేండ్లలోపల ఆమెయే వేసికొనవచ్చును, మరల పెండ్లాడరాదు.

భర్త చేయు సంతకములలో అన్నింటికంటె బరువైనది ఐ-864 అను పోషణ హామీ. తన రాబడి ఆ దేశపు పేదరికపు కొలతకు నూటికి నూటయిరువదియైదు వంతులకు తక్కువ కాదని చూపి, భార్యను ఆ మట్టమునకు దిగనీయనని ప్రభుత్వమునకు వ్రాసియిచ్చు పత్రమిది. రాబడి చాలనిచో మరియొకరు జతసంతకము చేయవచ్చును. మన మగవారు దీనిని ఒక లాంఛనముగా నెంచి సంతకము చేయుదురు. కాని ఇది విడాకులతో తీరునది కాదు! భార్య పౌరురాలగువరకు, లేదా నలువది త్రైమాసికముల పని, అనగా సుమారు పదేండ్ల పని, ఆమె లెక్కలో చేరువరకు, లేదా నివాసహక్కు వదలి దేశము విడుచువరకు, లేదా ఇరువురిలో నొకరు మరణించువరకు ఆ బాధ్యత యుండును. అవసరమైన భార్యయే కోర్టుకెక్కి వసూలు చేసికొనవచ్చును. పెండ్లిపీటలమీద నాతిచరామి యని పలికినదానిని ఏ కోర్టులోను కొలువజాలము. ఈ కాగితమును గొలువవచ్చును. దీని నకలు నొకదానిని భార్య తనయొద్ద నుంచుకొనవలెను.

అసలు స్త్రీ యొక్క దేశమును భర్తతో ముడిపెట్టుట ఆ దేశమునకు క్రొత్త కాదు. దాని పాత రూపము ఇంతకంటె ఘోరము. 1907 చట్టము ప్రకారము అమెరికా స్త్రీ పరదేశీయుని పెండ్లాడినచో తన పౌరత్వమునే కోల్పోవుచుండెను. మగవానికట్టి శిక్ష లేదు. అచ్చటి స్త్రీలు ఓటుహక్కు సంపాదించిన పిమ్మట 1922లో కేబుల్ చట్టము వచ్చి ఈ యన్యాయమును చాలవరకు తొలగించినది గాని, పౌరత్వమునకు "అర్హుడు కాని" వానిని పెండ్లాడిన స్త్రీకి మాత్రము తొలగింపలేదు. మరుసటి యేడు, 1923లో, మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సేనలో పనిచేసిన భగత్‌సింగ్ థిండ్ అను మన దేశీయుని వ్యాజ్యమున ఆ దేశపు సుప్రీముకోర్టు, భారతీయులు శ్వేతజాతీయులు కారు గనుక పౌరత్వమున కర్హులు కారని తీర్పు చెప్పినది. దానితో భారతీయులను వరించిన అమెరికా స్త్రీలు స్వదేశముననే పరదేశీయులైరి. స్వాతంత్ర్యయోధుడు తారకనాథ దాసుగారి భార్య మేరీగారు అట్లు పౌరత్వము గోల్పోయినవారిలో నొకరు. 1931లో ఆ నిబంధన రద్దైనది. మనవారికి పౌరత్వము పొందు హక్కు 1946లో వచ్చినది. అదికూడ ఏటికి నూరుగురికి మాత్రమే వలస కనుమతినిచ్చుచు! ఈ చరిత్ర తెలిసినవారికి, నేడు భార్య యొంటరిగా వేయగల అర్జీలు ఎవరో దయతో నిచ్చినవి కావనియు, ఎందరో స్త్రీలు ఏండ్లతరబడి పెనుగులాడిన పిమ్మట వచ్చినవనియు తెలియును.

ఇక తల్లులు తరచుగా నన్నడుగు విషయమొకటి: తొలికాన్పునకు పిల్లను పుట్టింటికి దెచ్చుకొనవచ్చునా? తెచ్చుకొనవచ్చును గాని లెక్క చూచుకొనవలెను. గ్రీన్‌కార్డు గలామె ఏడాదికి మించి దేశము వెలుపల నుండినచో ఆ కార్డుతో తిరిగి ప్రవేశింపజాలదు. ముందుగా పునఃప్రవేశ అనుమతి పొంది బయలుదేరవలెను. ఆరు నెలలు దాటినను పౌరత్వమునకై లెక్కించు కాలమునకు భంగము రావచ్చును. ఏడవ నెలలో సీమంతము జేసి తీసికొనివచ్చి, బిడ్డకు అన్నప్రాశన చేసి పంపుదమనిన ఆరు నెలలు దాటిపోవును. బాలసారెతో సరిపెట్టుకొని, అన్నప్రాశనకు అమ్మమ్మయే అచ్చటికి పోవుట మేలు.

పౌరుని భార్య, అతనితో కాపురము చేయుచునే యున్నచో, నివాసము వచ్చిన మూడేండ్లకు తానును పౌరసత్వము గోరవచ్చును. విడిపోయినచో సామాన్యులవలె అయిదేండ్లు. హింసకు లోనై స్వయముగా అర్జీ వేసికొనినవారికి మూడేండ్లే. శాశ్వత నివాసము పొందినంత మాత్రమున మన భారత పౌరసత్వము పోదు, పాస్‌పోర్టు మనదే. అమెరికా పౌరసత్వము స్వీకరించినప్పుడు మాత్రము భారత పౌరసత్వము అంతటితో తీరును. మన చట్టమున ద్వంద్వ పౌరసత్వము లేదు. ఓ.సి.ఐ. కార్డు తీసికొని రాకపోకలు సాగింపవచ్చును గాని ఓటు వేయరాదు. మన పాస్‌పోర్టు విషయమున మరియొక మాట: అది 1967 పాస్‌పోర్టు చట్టము ప్రకారము భారత ప్రభుత్వపు సొత్తు. అత్తగారి బీరువాలోనిది కాదు. ఇచ్చట చిక్కులు పడినవారి మొరలు వినుటకు జాతీయ మహిళా కమిషనులో ప్రవాస వివాహముల విభాగమొకటి 2009 నుండి గలదు.

భూమి సంగతి చెప్పి ముగించెదను, ఏలయన దీనిని అడుగువారే లేరు. పసుపుకుంకుమల క్రింద కూతునకు రెండెకరములు వ్రాసియిత్తుమని మాటయిచ్చి, "పిల్ల అమెరికాలో స్థిరపడనిండు, తీరికగా చూచుకొందము" అను తండ్రులు మన జిల్లాలలో చాలమంది గలరు. విదేశమున స్థిరపడినవారు, భారత పౌరులే యైనను, ఓ.సి.ఐ. కార్డు గలవారైనను, ఇచ్చట సాగుభూమిని కొనరాదు, దానముగాను పుచ్చుకొనరాదు. ఇల్లు, ఇంటిస్థలము పుచ్చుకొనవచ్చును. సాగుభూమి వారసత్వముగా మాత్రమే రావలెను. అయితే ఇచ్చట నివసించు కాలముననే తనదైన పొలమును పరదేశము పోయిన పిమ్మటను నిలుపుకొనవచ్చును. కావున పొలమిచ్చు తండ్రి, ఆమె విమానమెక్కుటకు ముందే దస్తావేజు వ్రాయించి రిజిస్టరు చేయింపవలెను. పట్టాదారు పాసుపుస్తకము ఆమె పేర మార్పించి, దాని నకలు ఆమె చేతి సంచిలో, పాస్‌పోర్టుతోబాటు, పెట్టి పంపవలెను.